రాచపుండునకు కాంతి చికిత్స: ఇతర చికిత్సలతో దాని పొత్తు

అన్నవాహికలో రాచపుండు పెరిగిన రోగికి మొదట గట్టి ముద్ద దిగదు. కొన్నాళ్లకు మెత్తగా పిసికిన అన్నము దిగదు. తుదకు గంజి మ్రింగుటయు కష్టమగును. అప్పటికి వ్యాధి శస్త్రచికిత్సకు లొంగని స్థితికి వచ్చియుండవచ్చును. ఇట్టి రోగికి మూసుకొనిపోయిన దారిని కొంతకాలమునకైనను తెరచి, నోటితో ఆహారము తీసికొనగల శక్తి కలిగించుట గొప్ప ఉపకారము. ఈ పనికై అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1995 డిసెంబరున ఒక నూతన చికిత్స ఆమోదింపబడినది. రోగి నరములోనికి ఒక మందు ఎక్కించి, సుమారు రెండు దినములు వేచియుండి, పిమ్మట సన్నని గాజుపోగు ద్వారా ఎర్రని లేజరు కాంతిని వ్రణముపై ప్రసరింపజేయుట ఇందలి పద్ధతి. ఆ మోతాదులో మందు ఒక్కటే వ్రణమును చంపదు. ఆ కాంతి ఒక్కటే చంపదు. రెండును కలిసినచోట మాత్రమే వ్రణకణములు నశించును.

దీనిని ఫోటోడైనమిక్ థెరపీ అందురు. ఈ పుస్తికలో కాంతి చికిత్స అని పేర్కొనబడినది. శస్త్రచికిత్స, రేడియేషన్ అనబడు కిరణ చికిత్స, కీమోథెరపీ అనబడు మందుల చికిత్స ఇదివరకే వాడుకలో నున్నవి. వానితో కాంతి చికిత్సను జతపరచినచో రెట్టింపు మేలు కలుగదా అని రోగుల బంధువులు తరచుగా అడుగుదురు. కొన్నియెడల కలిగినది, కొన్నియెడల ఏమియు కలుగలేదు, ఒకచోట కీడే కనిపించినది. ఈ భేదమునకు కారణమేమో తెలిసికొనుట రోగికిని, వాని కుటుంబమునకును మిక్కిలి అవసరము.

మందు, వెలుగు, ప్రాణవాయువు

మందునకును ఎండకును గల సంబంధము మన పూర్వులకు కొంతవరకు తెలియును. బొల్లి మచ్చలకు బావంచాలు వాడి, ఆ చోటిని ఎండకు చూపుట మన దేశమున ప్రాచీనమైన పద్ధతి. బావంచాలలోని సొరాలెన్ అను పదార్థము ఎండ సోకినపుడు చర్మముపై పనిచేయును. అది పనిచేయు తీరు మాత్రము వేరు. కాన బావంచాలు రాచపుండునకు మందని ఎవ్వరును భ్రమపడరాదు.

రాచపుండు విషయమై పరిశోధన మ్యూనిక్ నగరమున ఆరంభమైనది. అచ్చట ఆస్కార్ రాబ్ అను వైద్య విద్యార్థి తన గురువగు హెర్మన్ ఫాన్ టాప్పైనర్ వద్ద, నీటిలో నుండు పారమీసియము అను సూక్ష్మజీవులపై అక్రిడిన్ అను రంగుపదార్థమును పరీక్షించుచుండెను. ఒకే మోతాదు వేసినను ఆ జీవులు ఒకనాడు త్వరగా చచ్చుచుండెను; వేరొకనాడు చాలసేపు బ్రతుకుచుండెను. కారణము వెదుకగా, ఉరుములతో మబ్బు పట్టిన దినమున గదిలోని వెలుతురు తక్కువగా నుండుటయే అని తేలినది. ఈ ఫలితము 1900లో ప్రకటింపబడెను. 1903లో టాప్పైనర్, జెసియోనెక్ అను వైద్యుడు కలిసి చర్మపు రాచపుండుపై ఇయోసిన్ రంగు పూసి వెలుగు ప్రసరింపజేసిరి. ఈ క్రియకు ప్రాణవాయువు కూడ ఉండవలెనని ఆ మరుసటి సంవత్సరమే వారి ప్రయోగశాలలో తేలినది. మందు, వెలుగు, ప్రాణవాయువు అను మూడింటిలో ఏది లోపించినను చికిత్స జరుగదు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు రాబోవు విషయము చాలవరకు దీనిపైననే ఆధారపడియున్నది.

1912లో ఫ్రెడరిక్ మేయర్-బెట్జ్ అను జర్మన్ వైద్యుడు హెమటోపోర్ఫిరిన్ అను పదార్థమును 200 మిల్లీగ్రాములు తన దేహములోనికే ఎక్కించుకొనెను. తరువాత ఎండలోనికి పోగా ఆయన ముఖము గుర్తింపరానంతగా వాచెను. రెండు నెలలకు పైగా ఆయన ఎండను సహింపలేకపోయెను. ఇట్టి మందులు దేహమున ఎంతకాలము నిలిచియుండునో లోకమునకు తెలిపిన మొదటి పాఠము ఇదియే.

చికిత్స ఆస్పత్రికి చేరుటకు మరి అరువది సంవత్సరములు పట్టినది. అమెరికాలోని బఫెలో నగరమున రాస్‌వెల్ పార్క్ సంస్థయందు థామస్ డోగర్టీ అను శాస్త్రజ్ఞుడు 1978లో 25 మంది రోగులలోని 113 కంతులకు చేసిన చికిత్సను ప్రకటించెను. వానిలో 111 పూర్తిగనో, కొంతవరకో కరిగెను. ఈ చికిత్సను అంగీకరించిన మొదటి దేశము కెనడా. 1993లో మూత్రాశయపు రాచపుండునకు అచ్చట అనుమతి లభించెను.

వెలుగు ఎంతలోతు పోగలదు?

అరచేతిని దీపమునకు అడ్డము పెట్టి చూచినచో వ్రేళ్ల అంచులు ఎర్రగా కనిపించును. దేహములో మిగిలిన రంగులకంటె ఎరుపు లోతుగా పోగలదనుటకు ఇదియే నిదర్శనము. అందుచేతనే ఈ చికిత్సకు సాధారణముగా ఎర్రని కాంతి వాడుదురు. ఐనను అదియు బహుదూరము పోలేదు. తొలి మందునకు వాడు 630 నానోమీటర్ల కాంతి దేహములో సుమారు 5 మిల్లీమీటర్లు మొదలు 1 సెంటీమీటరు వరకు మాత్రమే పనిచేయగలదు. చర్మము, నోరు, అన్నవాహిక, శ్వాసనాళము, మూత్రాశయము, పిత్తనాళము వంటి చోట్ల, లోతు తక్కువగా నున్న వ్రణములకు ఈ కొలత చాలును. లోపలకు దిగిన పెద్ద కంతికి చాలదు. మెడలోని గ్రంథులకో, కాలేయమునకో, ఎముకలకో ప్రాకిన వ్యాధికి బొత్తిగా చాలదు.

ఈ హద్దు ఉన్నందుననే ఇతర చికిత్సల పొత్తు అవసరమైనది. కాంతి చికిత్సకు గల సుగుణములు కూడ ఆ పొత్తుకు అనుకూలముగనే యున్నవి. కిరణ చికిత్సకు ఒకచోట ఇంతకు మించి ఇయ్యరాదను పరిమితి కలదు. కాంతి చికిత్సను అవసరమైనచో అదేచోట మరల చేయవచ్చును. చర్మమునకును నాళములకును బిగువునిచ్చు నారపదార్థము చెడకుండుటచే గాయము తరచుగా చక్కగా మానును.

చికిత్సల వరుస

పప్పు ఉడుకకముందే చింతపండు పులుసు పోసినచో ఆ పప్పు ఎంతసేపు ఉంచినను మెత్తబడదు. ఉడికిన తరువాత పోసిన అదే పులుసు రుచినిచ్చును. వస్తువులు అవియే, వరుస తప్పినది. చికిత్సలను జతపరచుటలోను ఇట్టి వరుస కలదు.

కాంతి చికిత్స వ్రణములోని ప్రాణవాయువును వాడుకొనును; అంతియే కాక వ్రణమునకు రక్తమునందించు సన్నని నాళములను మూసివేయును. వ్రణము ఎండిపోవుటకు ఇది సహాయమే. కాని వెంటనే మందుల చికిత్స చేసినచో, మూసుకొనిపోయిన నాళముల గుండ మందు మిగిలిన కణములను చేరుట కష్టము. వెంటనే కిరణ చికిత్స చేసినను ఇట్టి చిక్కే కలుగును. ప్రాణవాయువు లేనిచోట కిరణముల బలము తగ్గును. మరియొక కారణము వాపు. ఏ చికిత్సయైనను కొంత వాపును కలిగించును. ఒక వాపు తీరకమునుపే రెండవది తోడైనచో దారి మూసుకొనిపోవచ్చును. అందుచేత తొలి మందైన పోర్ఫిమర్ వాడుకకు సంబంధించిన సూచనలలో, కాంతి చికిత్స అనంతరము రెండు మొదలు నాలుగు వారములు గడచినపిదప కిరణ చికిత్స ఆరంభింపవలెననియు, కిరణ చికిత్స ముందు జరిగినచో అది ముగిసిన సుమారు నాలుగు వారములకు వాపు తగ్గును గనుక అప్పుడు కాంతి చికిత్స చేయవచ్చుననియు చెప్పబడినది.

వరుస సరిపడినపుడు కలుగు మేలునకు చర్మముపై చేసిన ఒక పరిశోధన మంచి ఉదాహరణము. ఎండవలన చర్మముపై ఏర్పడు గరుకు మచ్చలు రాచపుండు కావు. కాని వానిలో కొన్ని పిదప అట్లు మారవచ్చును. అమెరికాలో 2018లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఒకే రోగి దేహముపై ఒకప్రక్క కాంతి చికిత్స మాత్రము చేసి, రెండవప్రక్క ముందుగా ఆరు దినములు ఫ్లూరోయురసిల్ అను మందు పూసి, పిమ్మట కాంతి చికిత్స చేసిరి. ముందుగా పూసిన మందు కణములలో వెలుగును గ్రహించు పదార్థమును రెండు మూడు రెట్లు పెంచినది. మూడు నెలల తరువాత చూడగా, జంట చికిత్స చేసినప్రక్క మచ్చలలో నూటికి 75 పోయినవి. ఒంటి చికిత్స చేసినప్రక్క 45 పోయినవి. రోగుల సంఖ్య 17 మాత్రమే. ఐనను ఇచ్చట జత ఎందుకు పనిచేసినదో కారణము కంటికి కనిపించుచున్నది. అట్టి కారణము తెలిసిన జతలను నమ్ముట సులభము.

శస్త్రచికిత్సకు తోడుగా

మెదడులో పుట్టు గ్లయోమా అను దుష్ట కంతికి స్పష్టమైన అంచు ఉండదు. మంచి మెదడు ఎచ్చట ముగియునో, కంతి ఎచ్చట మొదలగునో శస్త్రవైద్యునకు కంటితో తెలియదు. ఎక్కువ కోసినచో మాటయో, చేయియో పడిపోవును. తక్కువ కోసినచో వ్యాధి మిగులును. ఈ చిక్కులో కాంతి చికిత్సకు వాడు అమైనో లెవ్యులినిక్ ఆమ్లము అను మందు వేరొక విధముగా ఉపకరించినది. శస్త్రచికిత్సకు కొన్ని గంటల ముందు రోగిచే దీనిని త్రాగింతురు. పిదప నీలి కాంతిలో చూడగా కంతిభాగము ఎర్రగా మెరయును. జర్మనీలో వాల్టర్ స్టుమ్మర్ మొదలగువారు 2006లో ప్రకటించిన పరిశోధనలో, ఈ మెరుపును చూచి కోసినపుడు నూటికి 65 మందిలో, మామూలు వెలుతురులో కోసినపుడు 36 మందిలో కంతి కనిపించునంతమేర పూర్తిగా తీయబడెను. ఆరు నెలలవరకు వ్యాధి ముదరక నిలిచినవారు మొదటి పక్షమున నూటికి 41 మంది. రెండవ పక్షమున 21 మంది. ఇది చంపు వెలుగు కాదు, చూపు వెలుగు. కంతిని తీసినపిదప మిగిలిన గోడలపై ఎర్రని కాంతిని ప్రసరింపజేసి చంపు పద్ధతియు కలదు. టలాపోర్ఫిన్ అను మందుతో చేయు ఆ చికిత్సకు జపాను ప్రభుత్వము 2013లో అనుమతి నిచ్చెను.

ఊపిరితిత్తుల పైపొరలో పుట్టు మీసోథీలియోమా విషయమున ఫలితము ఇంత ఆశాజనకముగా లేదు. అమెరికాలో 1997లో ప్రకటింపబడిన పరిశోధనలో కొందరికి శస్త్రచికిత్సతోపాటు ఛాతీ లోపల కాంతి చికిత్సయు జరిగినది. కొందరికి అది లేకుండ జరిగినది. బ్రతికిన కాలపు మధ్యస్థ విలువ ఒకరికి 14.4 నెలలు, మరియొకరికి 14.1 నెలలు. తేడా లేదనియే చెప్పవలెను.

పిత్తనాళపు కథ

జంట చికిత్సలను గూర్చి తెలిసికొనగోరువారు పిత్తనాళపు రాచపుండు చరిత్రను తప్పక చదువవలెను. ఈ వ్యాధిలో నాళము మూసుకొనిపోయి కామెర్లు కమ్మును, దేహమంతయు దురద, ఆకలి చచ్చును, నిలిచిన పిత్తరసము చీము పట్టి ప్రాణాపాయము కలుగును. కోయుటకు వీలులేనపుడు వైద్యులు నాళములో స్టెంటు అను చిన్న గొట్టమును అమర్చి దారి తెరచుదురు.

ఈ స్టెంటునకు కాంతి చికిత్సను జతపరచి జర్మనీలో మరియా ఓర్ట్‌నర్ అను వైద్యురాలు, ఆమె సహచరులు 2003లో తమ ఫలితములను ప్రకటించిరి. రోగులు 39 మంది. జంట చికిత్స పొందినవారు బ్రతికిన కాలపు మధ్యస్థ విలువ 493 దినములు. స్టెంటు మాత్రము పొందినవారికి 98 దినములు. 2005లో 32 మంది రోగులతో జరిగిన మరియొక పరిశోధనలో 21 నెలలు, 7 నెలలు అని తేలినది. ఇట్టి అంకెలను చూచి ఎవరు సంతోషింపరు? పలు దేశములలో ఈ జంట చికిత్స వాడుకలోనికి వచ్చెను.

పిమ్మట ఇంగ్లండున పెద్దయెత్తున పరీక్ష జరిగినది. 92 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు సమభాగములు చేసి, 46 మందికి జంట చికిత్సయు, 46 మందికి స్టెంటు మాత్రమును ఏర్పాటు చేసిరి. జంట చికిత్స పొందినవారే ముందుగా మరణించుచున్నట్లు కనిపించుటచే పరీక్షను నడుమనే ఆపివేయవలసి వచ్చినది. 2018లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము వారు బ్రతికిన కాలము 6.2 నెలలు, స్టెంటు మాత్రము పొందినవారు బ్రతికిన కాలము 9.8 నెలలు.

ఒకే జత ఒకచోట ప్రాణమును పొడిగించి, ఇంకొకచోట తగ్గించుట ఎట్లు? మొదట స్టెంటు మాత్రము పొందినవారి అంకెలను సరిపోల్చి చూడవలెను. జర్మనీలో అది 98 దినములు, అనగా మూడు నెలలకు కొంచెము ఎక్కువ. ఇంగ్లండులో అదే చికిత్సకు సుమారు పది నెలలు. అనగా పోల్చుటకు నిలిపిన పక్షమే రెండుచోట్ల ఒక తీరుగా లేదు. రోగులు ఒక్క దశలోనివారు కారు. నడుమ వైద్యమును మారినది: 2010లో ప్రకటింపబడిన 410 మంది రోగుల పరీక్షలో, జెమ్‌సైటబిన్, సిస్ప్లాటిన్ అను రెండు మందులను కలిపి ఇచ్చుటచే ఆయువు 8.1 నెలలనుండి 11.7 నెలలకు పెరుగునని రుజువైనది. ఇంగ్లండు పరీక్షలో రెండు పక్షములవారికి మందుల చికిత్స ఒక్క రీతిగా అందలేదు. ఆ తేడా ఫలితమును కొంతవరకు మాత్రమే వివరింపగలదని ఆ పరిశోధకులే వ్రాసిరి. ఈ వ్యాధికి పరిశోధనలలో తప్ప కాంతి చికిత్సను సిఫారసు చేయలేమనియు, స్టెంటును చక్కగా అమర్చుటయే ముఖ్యమనియు వారు తేల్చిరి.

కొద్దిమంది రోగులతో వచ్చిన గొప్ప ఫలితమును పెద్ద పరీక్ష తారుమారు చేయుట వైద్యమున అరుదు కాదు. కావున "రెండు చికిత్సలు కలిపి చేయుదుము" అని ఎవరైన చెప్పినపుడు, ఆ జత ఎంతమందిపై, దేనితో పోల్చి పరీక్షింపబడినదని అడుగుట రోగికి తగినదే. అట్లడుగుట వైద్యుని అవమానించుట కాదు.

కిరణ చికిత్స తప్పినచోట

అన్నవాహికలోని రాచపుండునకు కిరణ చికిత్సయు, మందుల చికిత్సయు జరిగి, వ్యాధి అదేచోట మిగిలిపోయినపుడు కిరణములను మరల ఇచ్చుట సాధారణముగా వీలుపడదు. శస్త్రచికిత్స మిక్కిలి ప్రమాదకరము. ఇట్టి 26 మందికి జపానులో టలాపోర్ఫిన్‌తో కాంతి చికిత్స చేయగా 23 మందిలో ఆచోటి వ్రణము పూర్తిగా మాయమైనది. ఆ దేశమున 2015లో దీనికి అనుమతి వచ్చెను. ఇచ్చట కాంతి చికిత్స పోటీదారుగా గాక, మొదటి చికిత్స ఆగినచోటనుండి పనిని అందుకొన్నది. వ్రణము లోతుగా దిగనివారినే ఇందుకు ఎన్నుకొనిరి.

2020లో జపాను మరియొక అడుగు వేసినది. రాచపుండు కణములను గుర్తించి అంటుకొను ప్రతిరక్షక పదార్థమునకు వెలుగును గ్రహించు రంగును కట్టి, తల, మెడ భాగముల వ్యాధికి వాడుటకు షరతులతో అనుమతించెను.

మన నోటి వ్యాధి

భారతదేశమున పురుషులలో నోటి రాచపుండు మిక్కిలి ఎక్కువ; పొగాకు, గుట్కా, వక్క నమలుట ముఖ్య కారణములు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచి పీల్చు అడ్డపొగ అలవాటువలన అంగిలిపై వ్యాధి వచ్చుట వైద్యులెరిగినదే. నోరు వెలుగునకు అందుబాటులోని చోటు. కాని లేజరు యంత్రము ఖరీదైనది. పల్లెలలో విద్యుత్తు నిలుకడ లేదు. అందుచేత అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయపు వైద్యులు, అమెరికాలోని శాస్త్రజ్ఞులతో కలిసి, బ్యాటరీతో వెలుగు చిన్న ఎల్.ఇ.డి. దీపమును, వ్రణపు మెరుపును చూచుటకు స్మార్ట్‌ఫోనును ఉపయోగించి, తొలిదశలోని నోటి వ్రణములకు కాంతి చికిత్సను పరీక్షించిరి. తొలిదశ అను మాట ఇందు ముఖ్యము. కంతి లోతుగా దిగినను, మెడలో గడ్డ తగిలినను శస్త్రచికిత్సను, కిరణ చికిత్సను వాయిదా వేసి కాంతి చికిత్సకై తిరుగుట ప్రాణముతో చెలగాటమే. అంగడిలో దొరకు ఎర్రదీపములకును ఈ చికిత్సకును సంబంధము లేదు. మందు లేని వెలుగు రాచపుండును మాన్పలేదు.

చికిత్స పిదప ఇంటిలోను, వేరొక ఆస్పత్రిలోను

నరములోనికి పోర్ఫిమర్ ఎక్కించుకొన్న రోగి కనీసము 30 దినములు ఎండనుండియు, తీక్ష్ణమైన దీపములనుండియు చర్మమును, కన్నులను కాపాడుకొనవలెను. ఎండకు పూయు లేపనములు ఇందుకు పనికిరావు. అవి కంటికి కనిపించు వెలుగును ఆపవు. నిండు చేతుల బట్టలు, తలగుడ్డ, నల్లకళ్లద్దములు కావలెను. అట్లని చీకటి గదిలో కూర్చుండుటయు తగదు. గదిలోని మామూలు వెలుతురు కొద్దికొద్దిగా తగులుచుండుటచే చర్మములోని మందు మెల్లగా విరిగిపోవును. పోర్ఫిరియా అను పుట్టువ్యాధి గలవారికి ఈ మందు ఇయ్యరాదు.

ఈ నెల లోపుననే రెండవ చికిత్సకై రోగి మరియొక ఆస్పత్రికి పోవలసి రావచ్చును. అచ్చటి వైద్యునకు ఈ సంగతి తెలియకపోయినచో అపాయము కలుగును: శస్త్రచికిత్స గదిలోని పెద్దదీపమే చర్మమును కాల్చగలదు, టెట్రాసైక్లిన్, సల్ఫా మందులు, మూత్రము జారీ చేయు థయజైడు మందులు వెలుగు బాధను పెంచగలవు. కాన మందు పేరు, ఎక్కించిన తేది, కాంతి ప్రసరింపజేసిన భాగము, ఏ తేదివరకు ఎండకు దూరముగా నుండవలెనో వ్రాయించిన చీటిని రోగి తనతో నుంచుకొని, చేరిన ప్రతిచోటను మొదటనే చూపవలెను. రోగి మాటలాడలేని స్థితిలో నున్నచో వెంటవచ్చినవారు చూపవలెను.